ఏడవ తేదీ జీతం, అయిదవ తేదీ కిస్తీ

ఢిల్లీ చుట్టుపట్ల ఓఖ్లా, నోయిడా, ఫరీదాబాదు, మానేసరు పారిశ్రామిక వాడలలో గేటు సమావేశాలు జరుపుతున్న మన కార్యకర్తలందరికీ ఒక విషయం అనుభవంలోకి వచ్చింది. సమ్మె నోటీసు ప్రస్తావన రాగానే కార్మికుడు అడుగుతున్న మొదటి ప్రశ్న యాజమాన్యం వైఖరిని గురించినది కాదు. "అయిదవ తేదీన బ్యాంకులో కిస్తీ కోత పడుతుంది, అప్పటికి జీతం చేతికి వస్తుందా?" అని అడుగుతున్నాడు. మోటారు సైకిలు కిస్తీ, సెల్ ఫోను కిస్తీ, చెల్లెలి పెండ్లికి తెచ్చిన అప్పు, ఆసుపత్రికై ఫోనులో యాప్ ద్వారా తీసుకున్న అప్పు, ఇవన్నీ పోగా మిగిలినదే అతని సంపాదన. ఇట్టి కార్మికుడు పది దినాల సమ్మెకు నిలబడలేడు. రెట్టింపు వేతనం చెల్లించవలసిన ఓవర్‌టైమును ఒంటి రేటుకు చేయమన్నా కాదనలేడు. కనుక అప్పు అతని ఇంటి గుట్టు, దానితో యూనియనుకు పనిలేదు అని తప్పుకొనుట ఇక పొసగదు.

ఆ తప్పు మేమూ చాలాకాలం చేశాము. అప్పులపాలైన కార్మికుడు కార్యాలయానికి వస్తే పొదుపు చేయుము, తాగుడు మానుము అని ఉపన్యాసమిచ్చి పంపివేసేవారము. అతని కాగితాలు విప్పి చూసినవారము కాము. చూసిన తరువాతనే మా అభిప్రాయం మారింది.

సాహిబాబాదులోని ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడుగా ఉన్న శ్రీకాకుళపు సోదరుడొకరి సంగతి చెబుతాము. ఆయన దుబారా మనిషి కాడు. కాంట్రాక్టరు జీతం వేసేది పద్నాలుగవ తేదీన, కిస్తీ పడేది అయిదవ తేదీన. ఖాతాలో డబ్బు లేక కిస్తీ తిరిగిపోయిన ప్రతిసారి అప్పిచ్చిన సంస్థ ఒక జరిమానా, బ్యాంకు మరొక జరిమానా వేసేవి. ఆ బాధ తప్పించుకొనుటకు సూపరువైజరు వద్ద నెలకు నూటికి పది వడ్డీపై చేబదులు తీసుకున్నాడు. నూటికి పది అంటే సంవత్సరానికి నూటికి నూట ఇరవై. మొదటి అప్పు పెండ్లికి చేసినదే; రెండవ అప్పును పుట్టించింది మాత్రం తొమ్మిది దినాల ఆలస్యం.

ఈ ఆలస్యం చట్టవిరుద్ధం. వేయిమందికి లోపు కార్మికులున్న సంస్థలు మరుసటి నెల ఏడవ తేదీ లోపల జీతం చెల్లించాలని 1936 వేతన చెల్లింపుల చట్టమే నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడు నెల జీతగాళ్ళందరికీ ఆ గడువే పెట్టింది. అనేక కేంద్ర కార్మిక సంఘాలు ఆ కోడ్లను వ్యతిరేకించిన మాట నిజమే, అయినను చేతికందిన నిబంధనను వాడుకొనకపోవుట తెలివి కాదు. యూనియను ఆ కాంట్రాక్టరుకు, అసలు యాజమాన్యానికి కూడ లేఖ వ్రాసింది. కిస్తీ తేదీ మార్చమని అప్పిచ్చిన సంస్థకు ఆయనచేత దరఖాస్తు పెట్టించింది. నెలన్నర పట్టింది గాని రెండు పనులూ జరిగినవి.

జీతానికి ముందే అప్పు చేతిలో పెట్టి మనిషిని కట్టివేయుట ఈ ప్రాంతానికి క్రొత్త కాదు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చి వెట్టికి మూలమైన అప్పులను రద్దు చేసింది. అయినప్పటికీ రాజధాని పొరుగున ఫరీదాబాదు జిల్లా రాతి గనులలో కూలీలు బయానా అప్పుకు బందీలై ఉన్నారని బంధువా ముక్తి మోర్చా సుప్రీంకోర్టు దృష్టికి తేవలసివచ్చింది. 1983 డిసెంబరులో వెలువడిన ఆ తీర్పులో న్యాయమూర్తి భగవతి ఒక ముఖ్యమైన సూత్రం చెప్పారు. కూలీచేత నిర్బంధ చాకిరి చేయిస్తున్నట్లు తేలితే, అది బయానా అప్పు కోసమేనని కోర్టు భావిస్తుంది. కాదని రుజువు చేసుకొను బాధ్యత యజమానిది. నేటి కిస్తీ నాటి వెట్టి అని మేము అనము. అప్పున్నవాడు నోరెత్తలేడన్న లెక్క మాత్రం నాటిదే.

ఇక యాప్ అప్పుల సంగతి తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరులో ఆ వేధింపులు తాళలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాదు పోలీసులు కూపీ లాగగా బెదిరింపు ఫోన్లు చేసే కాల్ సెంటర్లు హైదరాబాదులోనే గాక ఇక్కడి గురుగ్రాములోనూ బయటపడినవి. ఆ ఫోను చేసే కుర్రవాడు కూడ నెల జీతగాడే, బహుశా కిస్తీ కట్టేవాడే. వారి వడ్డీ లెక్క ఎట్టిదో చూడండి: 5,000 అప్పని వ్రాసుకొని, ఖర్చుల పేర కోత కోసి, చేతికి 3,500 ఇచ్చి, వారానికి 5,000 అడిగితే ఆ ఒక్క వారానికే నూటికి సుమారు 43 వడ్డీ.

క్రెడిట్ కార్డు మర్యాదగా కనిపిస్తుంది గాని దానినీ లెక్క వేయవలసియున్నది. బాకీ 40,000 ఉండి వడ్డీ నెలకు నూటికి మూడున్నర అయితే వడ్డీ 1,400, దానిపై పన్ను 252. కనీసం 2,000 కడితే చాలునని చీటీ చెబుతుంది. కట్టిన దానిలో అసలుకు చేరేది 348 రూపాయలే!

అందుచేత మా సలహా ఇది. బాకీలన్నిటినీ ఒక కాగితంపై వడ్డీ రేట్లతో సహా వ్రాయండి. అన్నిటికీ తప్పనిసరి కిస్తీ కట్టుచు, మిగిలిన ప్రతి రూపాయిని అత్యధిక వడ్డీ అప్పుపై వేయండి. చిన్న అప్పు ముందు తీరిస్తే మనసు తేలికపడుతుందని కొందరంటారు. సూపరువైజరు వడ్డీ మాత్రం అప్పటిదాకా ఆగదు. కొత్త యాప్ అప్పుతో పాత యాప్ అప్పు తీర్చవద్దు. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తరువాత వసూలుకై ఫోను చేయరాదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఫోనులోని బంధువుల నంబర్ల జోలికి యాప్‌లు పోరాదని ఆ సెప్టెంబరులో నిర్దేశించింది. ఆలస్యపు జరిమానాను అసలులో కలిపి వడ్డీ గుంజరాదని 2023లో చెప్పింది. ఇవి తెలియక భయపడి కట్టినవారిని ఎందరినో చూశాము.

శాఖలు చేయవలసిన పని కూడ ఉన్నది. పర్మనెంటు కార్మికులున్న అనేక చోట్ల పరపతి సహకార సంఘాలు ఏనాటినుండో నడుస్తున్నవి. కాంట్రాక్టు కార్మికులకు వాటిలో సభ్యత్వం లేదు. మన సభ్యులే పాలకవర్గాలలో కూర్చున్న సంఘాలలో సైతం లేదు! నియమావళి సవరించి వారిని చేర్చుకొనుటకు సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టవలసిందిగా ఆ శాఖల కార్యదర్శులను కోరుతున్నాము.