నబ్జ్ చూడకుండా దవా ఇచ్చే హకీములు

మన ఇళ్లలో ఈమధ్య ఒక కొత్త రకం ముకద్దమా నడుస్తోంది. పిల్లవాడు కంప్యూటర్‌లో గేమ్ ఆడుతుంటే మధ్యలో అది ఆగిపోతుంది. వెంటనే ఫైసలాలు వచ్చేస్తాయి. "గేములే ముజ్రిమ్, అవి ఆడబట్టే మెషీన్ పాడైంది" అని అబ్బా అంటారు. "గ్రాఫిక్స్ కార్డు పాతబడింది, కొత్తది కావాలి" అని పిల్లవాడంటాడు. "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అని దుకాణంలో మెకానిక్ అంటాడు. ముగ్గురూ ఫైసలా చెప్పేశారు. సుబూత్ మాత్రం ఒక్కరూ చూడలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తహ్కీక్ పూర్తయ్యేదాకా ఒక్క రూపాయి సామాను కూడా కొనకండి, ఒక్క ఫైలు కూడా చెరపకండి, ఇంట్లో ఎవరి మీదా ఇల్జామ్ వేయకండి. నబ్జ్ పట్టుకుని చూడకుండా దవా చేతిలో పెట్టే హకీమ్ దగ్గరికి మనం వెళ్తామా? కంప్యూటర్ విషయంలో మాత్రం అలాంటి హకీమ్‌నే వెతుక్కుంటూ పోతున్నాం.

నా భాంజా సంగతి చెబుతాను. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. వాళ్ల అబ్బా దమ్మామ్‌లో ట్రక్కు నడుపుతారు. కంప్యూటర్ కోసం ఆయన పంపిన పైసలు ఓవర్‌టైమ్ చేసి కూడబెట్టిన కమాయీ. పగలంతా ప్రాజెక్టు పని, యూట్యూబ్, అబ్బాతో వీడియో కాల్, దేనికీ తకలీఫ్ లేదు. గేమ్ మొదలుపెట్టిన పావుగంటకో ఇరవై నిమిషాలకో తెర నల్లబడి మెషీన్ తనంతట తానే మళ్లీ స్టార్టయ్యేది. నీలం తెర లేదు, ఏ సందేశమూ లేదు. ఒక దుకాణానికి తీసుకెళ్లారు. రెండు రోజులు ఉంచుకుని "కార్డు పోయింది, కొత్తది 34 వేలు" అన్నారు. "ఆ కార్డు ఇంకో మెషీన్‌లో పెట్టి చూశారా?" అని మా ఆపా అడిగితే జవాబు లేదు. రాత్రి దమ్మామ్ నుంచి ఫోన్‌లో దుల్హాభాయ్ గరమ్ అయ్యారు. "చదువుకోమని కొనిస్తే ఆటలాడి కాల్చేశావు" అన్నారు. "మామూ, నేనేం చేశాను?" అని పిల్లవాడు నన్ను అడిగాడు. అక్కడ పోబోతున్నది 34 వేలు మాత్రమే కాదు, అబ్బాకు బేటా మీద ఉన్న ఎతేబార్ కూడా.

మూడు సాయంత్రాలు ఆ మెషీన్ ముందు కూర్చున్నాను. మొదట వేడి చూశాం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ గేమ్ నడుస్తున్నంత సేపూ వేడిని రాసి పెడుతుంది. ఆగిపోయే క్షణానికి ముందు ప్రాసెసర్ 72 డిగ్రీలు, కార్డు 76 డిగ్రీలు. రెండూ ఖైరియత్‌గానే ఉన్నాయి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్ఎంపీ సెట్టింగ్ తీసేశాం. అయినా ఆగింది. తర్వాత ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌తో కార్డు వాడుకునే కరెంటును 70 శాతానికి తగ్గించాం. రెండు గంటలు ఆడినా ఆగలేదు. మళ్లీ 100 శాతం చేశాం. 18 నిమిషాల్లో పడిపోయింది. ఇంకోసారి చేసి చూశాం, అదే నతీజా.

ఇప్పుడు నబ్జ్ దొరికింది. పక్క పలక విప్పి ఎస్ఎంపీఎస్ చూశాను. గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు పంచే డబ్బా అది. పైన పెద్ద అక్షరాలతో 600 వాట్లు అని ఉంది. కింద చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల లైన్ మీద 30 ఆంపియర్లు. 12ను 30తో హెచ్చిస్తే 360. గేమ్ నడిచేటప్పుడు ప్రాసెసర్‌కూ కార్డుకూ కావలసిన కరెంటు దాదాపు అంతా ఆ 12 వోల్టుల లైన్ నుంచే రావాలి. అంటే 600 అని అమ్మిన డబ్బాలో పనికొచ్చే దమ్ము 360 మాత్రమే. ఒక దోస్త్ దగ్గర మంచి 650 వాట్ల ఎస్ఎంపీఎస్ అడిగి తెచ్చి పెట్టాం. మూడు రోజులు ఆగలేదు. పాతది మళ్లీ పెట్టాం. అదే సాయంత్రం ఆగింది. సుబూత్ అంటే ఇది. కొత్త ఎస్ఎంపీఎస్ 5,500 రూపాయలకు వచ్చింది. 34 వేల కార్డు బేకసూర్. పిల్లవాడూ బేకసూర్.

"మరి యూట్యూబ్‌కు ఆగనిది గేమ్‌కే ఎందుకు ఆగింది? తప్పు గేమ్‌దే కదా?" అని పెద్దలు అడుగుతారు. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు వేస్తే ఎగరని ఫ్యూజు, మోటారూ గ్రైండరూ కలిపి వేస్తే ఎగురుతుంది. అప్పుడు గ్రైండర్‌ను బయట పారేస్తామా, వైరింగ్ చూపిస్తామా? గేమ్ కూడా అలాంటి బరువే. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు 75 వాట్ల వరకూ అందుతుంది. 8 పిన్నుల తీగ ఒక్కొక్కటి 150 వాట్ల వరకూ ఇస్తుంది. పెద్ద కార్డులు రెప్పపాటులో తమ మామూలు లెక్కకు మించి కరెంటు లాగుతాయి. ఈ కుదుపుల కోసమే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో ప్రత్యేకంగా నిబంధనలు పెట్టారు. బలహీనమైన ఎస్ఎంపీఎస్ ఆ కుదుపు తట్టుకోలేక తనను తాను కాపాడుకోవడానికి ఆఫ్ అయిపోతుంది. గేమ్ ఇక్కడ ముజ్రిమ్ కాదు, దాగిన ఐబ్‌ను బయటపెట్టిన గవాహ్. ఈ రోజు గేమ్‌లో పడిపోయిన మెషీన్ రేపు వీడియో ఎడిటింగ్‌లోనో, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మధ్యలోనో పడిపోవచ్చు. "ఆగిపోతే పోనీ, ఈ వంకతో గేములు మానేస్తాడు" అనుకునే అబ్బాలు ఇది గుర్తుంచుకోవాలి. ఎన్ని గంటలు ఆడాలన్నది తర్బియత్ సంగతి, దానికి ఇంట్లో వేరే మాట్లాడుకోండి. కరెంటు డబ్బా చేసిన తప్పును పిల్లవాడి అఖ్లాక్ మీద రుద్దడం ఇన్సాఫ్ కాదు.

ఇక ఫార్మాట్ కొట్టే ఉస్తాదుల సంగతి. కంప్యూటర్ పడిపోయినప్పుడల్లా విండోస్ దాని రోజ్‌నామ్చా రాసుకుంటుంది. రిలయబిలిటీ మానిటర్ తెరిస్తే ఏ రోజు ఏది పడిపోయిందో తారీఖులతో కనిపిస్తుంది. నీలం తెర వస్తే సాధారణంగా విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్‌లో ఒక ఫైలు మిగులుతుంది. ఫార్మాట్ కొడితే ఈ గవాహీ అంతా చెరిగిపోతుంది. దాంతోపాటు ఇంటి ఫోటోలు, పరీక్ష నోట్సు, నానీజాన్ ఆఖరి ఈద్ వీడియో కూడా. ఐబ్ డబ్బాలో ఉంటే ఫార్మాట్ తర్వాత కూడా అదే పావుగంటకు ఆగుతుంది. అప్పుడు "ఇక కార్డే మార్చాలి" అంటారు. దవా పనిచేయకపోతే ఇంకా ఖరీదైన దవా!

ఆ రోజ్‌నామ్చాను చదవడంలోనూ తొందర కూడదు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనబడగానే "పవర్ సప్లై పోయింది" అనేవాళ్లున్నారు. ఆ 41 చెప్పేది ఒక్కటే, మెషీన్ సరిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ స్టార్టయిందని. ఎందుకో అది చెప్పదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోవడం ఆలస్యమైనా అదే 41 వస్తుంది.

తెర మీద కనిపించిన మాటను కూడా గుడ్డిగా నమ్మకూడదని దునియా మొత్తానికి సబఖ్ నేర్పిన కేసు ఒకటుంది. ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 2022, 2023లలో వచ్చాయి. వాటితో కొన్ని గేములు మధ్యలో మూతపడుతూ "వీడియో మెమరీ చాలడం లేదు" అని సందేశం ఇచ్చేవి. వీడియో మెమరీ ఉండేది గ్రాఫిక్స్ కార్డులో. కాబట్టి చూసినవాళ్ల షక్ కార్డు మీదికే పోయింది. తీరా తహ్కీక్ చేస్తే ఐబ్ ప్రాసెసర్‌ది. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల ప్రాసెసర్ నెమ్మదిగా దెబ్బతింటోందని 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది. వాటిని బయోస్ అప్‌డేట్ ద్వారా వేసుకోవాలి. డబ్బాలో అమ్మిన ఆ రకం ప్రాసెసర్లకు వారంటీ మరో 2 సంవత్సరాలు పెంచింది. అయితే అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఆ సవరణ బాగుచేయలేదు, దాన్ని మార్పించుకోవాల్సిందే. మీ ఇంట్లో ఆ తరం ఐ7, ఐ9 ఉండి గేములు పడిపోతుంటే కార్డు కొనేముందు బయోస్ తారీఖు, వారంటీ కాగితం చూడండి. ముఫ్త్‌గా దొరికే ఇన్సాఫ్‌ను వదిలేసి వేల రూపాయల సజా ఎందుకు?

మరి ఇంట్లో ఏం చేయాలి? ముందు పిల్లవాడిని కూర్చోబెట్టి "ఎలా ఆగింది, సరిగ్గా చెప్పు బేటా" అని అడగండి. సగం తహ్కీక్ ఆ జవాబులోనే ఉంది. మెషీన్ మొత్తం ఏ సందేశమూ లేకుండా ఆఫ్ అయితే ముందు షక్ ఎస్ఎంపీఎస్, తీగలు, ప్లగ్గు బోర్డు మీద. గేమ్ మొదట నత్తనడక నడిచి తర్వాత ఆగితే వేడి మీద. ప్రాసెసర్ వేడెక్కితే ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ ఆగకపోతేనే ఆఫ్ అవుతుంది. ప్రతిసారీ వేరే రకం నీలం తెర వస్తుంటే ర్యామ్ మీద. మెమ్‌టెస్ట్86తో ఒక రాత్రంతా పరీక్ష పెట్టండి, ఎక్స్ఎంపీ తీసి చూడండి. తెర ఒక్క క్షణం నల్లబడి గేమ్ మాత్రమే మూతపడితే డ్రైవర్ మీద. గ్రాఫిక్స్ డ్రైవర్ 2 సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ దాన్ని మళ్లీ మొదలుపెడుతుంది. పాత డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి కొత్తది వేయండి. ఒక్క గేమే పడిపోయి మిగతావన్నీ నడుస్తుంటే ఆ గేమ్ ఫైళ్ల మీద. ఇవన్నీ షక్ మాత్రమే, ఫైసలా కాదు.

రెండు ఉసూళ్లు మరువకండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఒకేసారి నాలుగు మార్చి బాగైతే ఏది బాగుచేసిందో ఎవరికీ తెలియదు. బాగైందనుకున్నాక పాతది మళ్లీ పెట్టి మళ్లీ పడుతుందేమో చూడాలి. ఇంకో హెచ్చరిక: ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. జాన్ పోయే పని అది.

మెకానిక్ భాయీల షికాయత్ కూడా నాకు తెలుసు. "సాయంత్రానికల్లా ఇవ్వాలంటారు. మూడు రోజులు పరీక్ష చేస్తే ఆ మెహనత్‌కు పైసలు ఎవరిస్తారు?" అంటారు. ఇది సచ్చీ మాటే. సామాను మార్చితే వేలు ఇస్తాం, కారణం కనిపెట్టినందుకు ఐదు వందలు అడిగితే "ఏం చేశావని?" అంటాం. హునర్‌కు పైసలివ్వని చోట అందాజాలే అమ్ముడుపోతాయి. కాబట్టి దుకాణంలో అడుగు పెట్టగానే చెప్పండి: "పరీక్షకు ఎంత తీసుకుంటారో తీసుకోండి. ఐబ్ ఎక్కడుందో చూపించాకే సామాను మాట." చూపించలేని దుకాణం నుంచి మెషీన్ వెనక్కి తెచ్చేసుకోండి. చూపించిన కుర్రవాడికి మాత్రం అడిగిన దానికి ఒక వంద ఎక్కువే ఇవ్వండి. ఆ వంద రేపు ఇంకో ఇంట్లో 34 వేలు మిగులుస్తుంది.