అబ్దీ అపరాధము

సోమాలియా ఓడదొంగల కథయైన ‘ఫిషింగ్ వితౌట్ నెట్స్’ చిత్రమును ఈ వారము చూచినది మొదలు, దొంగకు భార్యాబిడ్డలను, కన్నీటిని కల్పించి చూపుట నేరమును సమర్థించుటయే యని విజ్ఞులు సైతము పలుకుచుండగా వినవలసివచ్చి నా మనస్సు మిక్కిలి నొచ్చినది.

2014లో సండాన్స్ చిత్రోత్సవమున కట్టర్ హోడియర్నేకు దర్శకత్వ బహుమానము తెచ్చిన యీ చిత్రమున అబ్దీ యనువాడొక జాలరి. వలలో చేపలు పడక, ఆలుబిడ్డలను దొంగచాటు పడవలో యెమెనునకు పంపి, వారిని చేరుకొనుటకు వలయు ధనమునకై, ఓడలు నడచు త్రోవలెరిగిన తన విద్యను దోపిడిగాండ్రకు అమ్ముకొనును. అంతకు ముందటి యేటి ‘కెప్టెన్ ఫిలిప్స్’లో బర్ఖద్ అబ్దీ యెంత గొప్పగా నటించినను కథ అమెరికా నావికుని పక్షమునుండియే నడచినది, ఇచ్చట తుపాకి పట్టినవాని ధర్మసంకటమే కథ యైనది.

ఆ సంకటము ఊరక పుట్టలేదు. 1991లో సియాద్ బరే ప్రభుత్వము కూలి, 3,000 కిలోమీటర్లకు పైబడిన తీరమునకు కాపు లేకపోయిన కాలమున, పరదేశపు ట్రాలర్లు వచ్చి జాలరుల నోటికాడి కూడు లాగుకొనిపోయినవి. అక్రమముగా పారవేసిన విషవ్యర్థములను 2004 నాటి సునామీ ఒడ్డునకు త్రోసినదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగమే తెలిపినది. 2008లో భద్రతామండలి, ఓడదొంగలను తరుముటకై సోమాలియా జలములలో ప్రవేశించు అధికారమును యుద్ధనౌకలకొసగెను. చేపలను దోచినవారిని తరుముటకు మాత్రము అట్టి దండు ఏనాడును కదలలేదు.

అయినను నేరమును నేరమని చెప్పుటకు నేను వెనుదీయను. ఏలయన అబ్దీవంటివారు బంధించినవారిలో ట్రాలర్ల యజమానులు లేరు, కూటికై కడలి కెక్కిన సామాన్య నావికులు కలరు. 2010 సెప్టెంబరులో ‘అస్ఫాల్ట్ వెంచర్’ ఓడ పట్టుబడగా, అందలి పదునైదుగురును భారతీయులే. మరుసటి యేప్రిల్‌లో విమోచనధనము ముట్టిన పిదప ఎనమండుగురిని విడిచి, మన నౌకాదళము చెరపట్టిన సోమాలీలకు బదులుగా తక్కిన యేడుగురిని నిలిపివేసిరి. వారికి విముక్తి 2014 అక్టోబరులో గాని లభింపలేదు. నాలుగేండ్లు!

ఆ యేడుగురిని తలచినపుడెల్ల నా క్రోధము దొంగలను దాటి ఓడల వ్యాపారము మీదికి పోవుచున్నది. యజమాని యొక దేశమువాడు, జెండా పనామాదో లైబీరియాదో, నావికుడు మనవాడు. లాభము పంచుకొనునాడు అందరును కలరు, కష్టము వచ్చిననాడు ప్రతివాడును వేరొకని వైపు వ్రేలు చూపును. జెండా నిచ్చిన దేశమును, యజమానియు నావికుని జీతమునకును విడుదలకును పూచీపడని ఓడలో మన బిడ్డలను ఎక్కనీయరాదని ప్రభుత్వము శాసింపవలెను. అట్టి శాసనము కోరుటకు నోరు విప్పనివారికి అబ్దీని నిందించు అధికారము సగమే కలదు.