చదవకుండా వ్రాయరాదు



ఛందస్సు, వ్యాకరణం పక్కన పెట్టి ఈసారి కంప్యూటరును గూర్చి వ్రాస్తున్నందుకు నవ్వుకోకండి. ఇది నా శాస్త్రం కాదు. అయినా ఈ విషయంలో మూలసూత్రం నేను ముప్పై ఏళ్ళు బోధించిన తరగతిగదిలోనే ఉన్నదని నా నమ్మకం.

2009 నాటి సంగతి. కామారెడ్డి అప్పటికింకా జిల్లా కాలేదు. ఆ ముచ్చట 2016 అక్టోబరు 11న తీరింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ అప్పుడు నిజామాబాదు జిల్లాలోనే ఉండేవి. ఒకనాటి ఉదయం ఎల్లారెడ్డి నుండి బస్సెక్కి ఒక వృద్ధురాలు కామారెడ్డిలో మా ఇంటికి వచ్చింది. అర్జీలు వ్రాసిపెట్టడం తెలుగు పండితునికి ఎవరూ అప్పగించని అదనపు ఉద్యోగమని మీకు తెలిసిందే.

"నా పెనిమిటి పేరు ఎల్లారెడ్డి అని పడ్డదట సారూ. ఎల్లారెడ్డి మా ఊరు గద!" అన్నది.

ఆమె చేతిలోని కాగితం చూశాను. నిజమే. భర్త పేరు ఉండవలసినచోట ఊరి పేరు ఉన్నది. ఊరు ఉండవలసినచోట ఇంటి నంబరు ఉన్నది. ఇంటి నంబరు ఉండవలసిన గడి ఖాళీ. ఆమెకు రావలసిన పైకం నాలుగు నెలలుగా ఆగిపోయింది. కార్యాలయానికి వెళితే, "నీ భర్త పేరు ఎల్లారెడ్డి కాదని రుజువు తెమ్మ"న్నారట. కాని పేరుకు రుజువు ఎక్కడినుండి తేవాలో ఆమెకు తెలియలేదు. నాకూ తోచలేదు. చివరకు మరణ ధృవపత్రం జతచేసి అర్జీ వ్రాసిచ్చాను.

ఆ పని చేసిన ఉద్యోగి నా పూర్వవిద్యార్థియే అయినాడు. దాచకుండా అంతా చెప్పాడు. వారి కార్యాలయంలో పాతకాలపు టెర్మినల్ ప్రోగ్రాం ఒకటి ఉన్నది. నల్లని తెర, దానిమీద పచ్చని అక్షరాలు. మౌసు పనిచేయదు. తెర ఒక్కొక్క ప్రశ్న అడుగుతుంది, మనం జవాబు కొట్టి ఎంటర్ మీట నొక్కాలి. మూడువందల పైచిలుకు పేర్లు రెండు రోజులలో ఎక్కించమన్నారు. పేర్లన్నీ అప్పటికే ఎక్సెల్‌లో ఉన్నాయి. ఉన్నవాటినే మళ్ళీ వ్రేళ్ళతో కొట్టడమెందుకని, ఆ జాబితాలోని మాటలను వరుసగా టెర్మినల్ కిటికీలోకి కొట్టే చిన్న స్క్రిప్టు వ్రాసుకున్నాడు. ఒక్కొక్క మాటకు నడుమ రెండు సెకన్ల విరామం పెట్టాడు.

"రాత్రి పెట్టి పోతే పొద్దటికల్ల అయిపోయింది సార్" అన్నాడు. ఆ గొంతులో కొంచెం గర్వం, కొంచెం భయం.

తప్పు ఎక్కడ జరిగింది? ఈ వృద్ధురాలి పేరు మా ప్రాంతంలో వీధికొకరికి ఉండే పేరు. అదే పేరు జాబితాలో అంతకు ముందే ఒకసారి వచ్చింది. అప్పుడు పాత ప్రోగ్రాం ఒక అదనపు ప్రశ్న వేసింది: "ఈ పేరు ఇదివరకే ఉన్నది, కొనసాగించాలా?" స్క్రిప్టుకు ఆ ప్రశ్న తెలియదు, తెర చూసే కళ్ళూ లేవు. తన వరుసలో తర్వాతి మాట అయిన భర్త పేరును ఆ ప్రశ్నకు జవాబుగా కొట్టింది. ప్రోగ్రాం దానిని మింగి, భర్త పేరు అడిగింది. స్క్రిప్టు ఊరి పేరు కొట్టింది. ఆపైన ఇంటి నంబరు ఊరైపోయింది. తరువాతి మనిషికి మళ్ళీ మొదటి తెరనుండి మొదలవుతుంది గనుక ఆ రికార్డు సరిగానే పడింది. అందరివీ తప్పితే మరునాడే బయటపడేది. పేర్లు కలిసిన పదకొండు మందివి మాత్రమే తప్పాయి. ఎల్లారెడ్డి అన్నది మనిషి పేరుగానూ చెల్లుతుంది కాబట్టి పైపైన చూసినవారి కంటికి ఆనలేదు.

ఇక నా అభిప్రాయం. స్క్రిప్టు వ్రాసినందుకు ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. ఒకసారి వ్రాసినదాన్ని మళ్ళీ వ్రాయించడం పూర్వం మేము పిల్లలకు విధించిన శిక్ష. దానినే ఉద్యోగంగా చేయమనడం ధర్మం కాదు. పైగా విసిగిన చేయి యంత్రం కంటె ఎక్కువ తప్పులు చేస్తుంది. నా ఆక్షేపణ ఒక్కటే. అతని స్క్రిప్టు చదవకుండా వ్రాసింది.

ఉక్తలేఖనం చెప్పించిన ఉపాధ్యాయులందరికీ ఇది తెలుసు. గడియారం చూసి రెండు సెకన్లకొక మాట చెప్పుకుంటూ పోతే తరగతిలో సగంమంది వెనుకబడతారు. పిల్లల కలాలు ఆగినవా అని చూసి తర్వాతి మాట చెప్పాలి. ఎవరైనా చేయి ఎత్తితే ఆగాలి. అంతా అయిన తరువాత మొదటినుండి మరొకసారి చదివి వినిపించాలి. ఈ మూడూ లేనిది ఉక్తలేఖనం కాదు, కేవలం అరవడం.

కంప్యూటరువారికీ ఇది ఏనాడో తెలిసింది. అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసిన డాన్ లైబ్స్ 1990లో ఎక్స్‌పెక్ట్ అనే సాధనాన్ని వెలువరించాడు. దాని ప్రాణమంతా రెండు ఆజ్ఞలలో ఉన్నది. ఒకటి 'పంపు', రెండవది 'ఎదురుచూడు'. తెరపై ఫలానా ప్రశ్న కనబడేవరకు ఎదురుచూసి, కనబడిన తరువాతనే జవాబు పంపుతుంది. సాధనానికి పేరు పెట్టినది 'పంపు'ను బట్టి కాదు, 'ఎదురుచూడు'ను బట్టి. అయితే అందులోనూ ఒక మెలిక ఉన్నది. మనమేమీ చెప్పకుంటే అది పది సెకన్లు మాత్రమే ఎదురుచూసి, ప్రశ్న రాకపోయినా తర్వాతి ఆజ్ఞకు పోతుంది. రానప్పుడు ఏమి చేయాలో మనిషే ముందుగా చెప్పాలి. నన్నడిగితే జవాబు ఒకటే: ఆగిపో, మనిషిని పిలువు.

పాత టెర్మినళ్ళలోనూ అన్నీ ఒకటి కావు. 1971 నాటి ఐబీఎం 3270 జాతిలో ఫారం అంతా నింపి ఒక్కసారి పంపుతారు. అవతలివైపు బదులు వచ్చేవరకు కీబోర్డుకు తాళం పడుతుంది. 1978 నాటి వీటీ100 జాతిలో అక్షరం అక్షరంగా పోతుంది. ముందుగా కొట్టిన అక్షరాలు వరుసలో నిలబడి, ఇంకా పుట్టని ప్రశ్నకు జవాబులవుతాయి. నా శిష్యుని కార్యాలయంలోనిది ఈ రెండవ రకం.

ఇవి మ్యూజియం వస్తువులని అనుకోకండి. ఎల్లారెడ్డికి రైలు లేదు. అక్కడివారు రిజర్వేషనుకు కామారెడ్డి స్టేషనుకు వచ్చేవారు. ఆ కౌంటరు వెనుక ఉన్నది 'కాన్సర్ట్' అనే వ్యవస్థ. 1994లో మొదట మన సికింద్రాబాదులోనే మొదలై, 1999 నాటికి దేశంలోని ఐదు కేంద్రాలను కలిపింది. నేడు ఫోనులో టికెట్టు కొన్నా వెనుక పలికేది రైల్వేవారి రిజర్వేషను వ్యవస్థే. పైన రంగుల తెర, అడుగున పాత ప్రశ్నోత్తరాలు.

అక్కడ ఇదే విద్య వేరొక రూపం ఎత్తింది. తత్కాల్ వేళకు క్షణాలలో వివరాలన్నీ నింపే దొంగ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అలాంటిదొకటి తయారుచేశాడన్న ఆరోపణపై 2017 డిసెంబరులో సీబీఐ తన సొంత ప్రోగ్రామరునే అరెస్టు చేసింది. అనుమతి లేని టికెట్ల వ్యాపారాన్ని నేరమనే రైల్వే చట్టం 143వ సెక్షను ఆన్‌లైను టికెట్లకూ వర్తిస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జులై 1 నుండి ఆన్‌లైను తత్కాలుకు ఆధార్ ధృవీకరణ తప్పనిసరి చేశారు. అంతకు ముందునుంచీ ఉన్న అడ్డు క్యాప్చా. వంకర అక్షరాలు చూపి "ఇది చదువు" అంటుంది. వ్రాసేవానికి చదువు వచ్చునా అన్నదే అక్కడా ప్రశ్న!

చదవడమంటే అక్షరాలు పోల్చడం మాత్రమే కాదన్నది పండితునిగా నేను చేర్చదలచిన మాట. రైల్వేవారి కామారెడ్డి చివర ఆంగ్లాక్షరం 'ఐ', జిల్లావారి కామారెడ్డి చివర 'వై'. ఎల్లారెడ్డిని కొందరు 'వై'తో మొదలుపెడతారు, కొందరు 'ఈ'తో. మన ఆర్టీయస్ పద్ధతిలో చిన్న 'ఎల్' ల, పెద్ద 'ఎల్' ళ. అన్నీ పెద్ద అక్షరాలలోనే ఎక్కించే పాత తెరలమీద ఆ భేదం నశిస్తుంది. ణ, డ, ట లదీ అదే గతి. ఇట్టి పేర్లను యంత్రం పోల్చి 'సరిపోలేదు' అంటే, తప్పు మనిషిదని తేల్చేయకుండా, తెలుగు తెలిసినవారు ఒకసారి చూడాలి.

తాళపత్రాలు ప్రతి చేసిన లేఖకులు చివర ఒక విన్నపం వ్రాసుకునేవారు. చూసినది చూసినట్టు వ్రాశాను, తప్పులుంటే నన్ను నిందించకండి అని. వారు కనీసం చూశారు. చూడని యంత్రానికి ఆ మాట చెప్పుకునే హక్కు లేదు. దాన్ని నడిపిన కార్యాలయం ఆ నిందను మోయాలి. ఆ ముసలమ్మచేత మోయించింది కనుకనే నాకు కోపం.

రెండు నెలల తరువాత ఆమె పేరు సరిపడింది. నా శిష్యుడు స్క్రిప్టును తిరగవ్రాశాడు. ఇప్పుడది ప్రశ్నను చదివిన తరువాతనే జవాబు కొడుతుంది, ఎరుగని ప్రశ్న వస్తే ఆగుతుంది, చివర ప్రతి రికార్డును తిరిగి తెరిచి జాబితాతో సరిచూస్తుంది. ఒక రాత్రి పని రెండు రాత్రులు పడుతున్నదట. పట్టనీయండి.

మిత్రులలో పలువురు ఇట్టి పాత తెరలకు అతుకులు వేసే ఉద్యోగాలలో ఉన్నారని ఎరుగుదును. నా శాస్త్రజ్ఞానంలో పొరపాటుంటే దిద్దండి. ఆ పదకొండు మందిలో మిగిలిన పదిమంది ఏమయ్యారని మాత్రం నన్నడగకండి. అర్జీ వ్రాయించుకోవడానికి నావద్దకు వచ్చినది ఒక్కరే.