కంటికి తెలుగే, కంప్యూటర్‌కు కాదు

మంచి సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికితే చూపులేని వారికి కంప్యూటర్ అందుబాటులోకి వచ్చేస్తుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. నిజానికి ఆ కొరత ఎప్పుడో తీరింది. ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ అనే అంధ యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉండనే ఉంది. గొంతు కాస్త మరబొమ్మ గొంతులా ఉంటుంది, నిజమే, కానీ అలవాటుపడ్డవారికి అదొక లెక్క కాదు. చదివిపెట్టే సాధనం ఉంది. అది చదవగలిగేలా తెలుగును తయారు చేయనిది మనమే.

ఏ భాష అక్షరానికైనా ఒక స్థిరమైన సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. అయినా మన డీటీపీ సెంటర్లు చాలావాటిలో యూనికోడ్ కాని అను ఫాంట్ల రాజ్యం ఇంకా పోలేదు. ఆ పద్ధతిలో తెలుగు తెరమీద కనిపించే ఆకారం మాత్రమే. దాని అడుగున కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లిషు అక్షరాలనూ అడ్డదిడ్డమైన గుర్తులనూ. కంటికి ‘దరఖాస్తు గడువు’ అని ముత్యాల్లా కనిపించే మాట స్క్రీన్ రీడర్ నోట అర్థంలేని గొణుగుడుగా వస్తుంది. కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే ఆ గొణుగుడైనా ఉండదు. చార్టుల సంగతి సరేసరి. బడ్జెట్ కేటాయింపులను రంగురంగుల కడ్డీలుగా గీసి, బొమ్మగా అతికించి వదిలేస్తే, రీడర్ ‘గ్రాఫిక్’ అని ఒక్క మాట పలికి ముందుకు పోతుంది. కడ్డీల వెనకున్న అంకెల పట్టికను కిందనే ఉంచి, బొమ్మ చెప్పేదేమిటో ఆల్ట్ టెక్స్ట్‌గా ఒక వాక్యం రాస్తే సరిపోయేది. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని వారికీ ఆ పట్టికే ఆధారం.

ఇది అంధుల సమస్యే కదా అనుకునేవారు తమ కంప్యూటర్‌లోని ఫైళ్లనే చూసుకోవచ్చు. పుస్తకాలు, వ్యాసాలు, జీవోలు పోగుచేసి వర్గీకరించుకోవడానికి జొటెరో లాంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. పీడీఎఫ్‌ల లోపలి మాటలను కూడా అవి వెతికిపెడతాయి. కానీ ఫైలు అనులో ఉంటే ‘నీటి తీరువా’ అని ఎన్నిసార్లు కొట్టినా ఒక్క పేజీ రాదు. స్క్రీన్ రీడర్‌ను అడ్డుకున్న గోడే ఇక్కడా అడ్డం. అలాంటప్పుడు సాధనాన్ని మార్చి లాభమేమిటి?

బొమ్మలోని అక్షరాలను ఓసీఆర్, ఏఐ గుర్తుపడుతున్నాయి కదా అని ఒక వాదన. పడుతున్నాయి, పాత పుస్తకాలకు అవే దిక్కు. అయితే మసక ముద్రణలో వత్తులూ గుణింతాలూ తారుమారవుతాయి. పట్టికలో ఒక్క అంకె మారిందంటే చూపులేని పాఠకుడికి ఆ తప్పు తెలిసే దారి లేదు. కొత్తగా టైపు చేసేదాన్ని ముందు పాడుచేసి తర్వాత బాగుచేసుకోవడం ఏం తెలివి? అను అందం యూనికోడ్‌కు రాదన్నది రెండో వాదన. ఒకప్పుడు అందులో నిజముంది. ఇప్పుడు మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ యూనికోడ్ తెలుగును చక్కగా పేరుస్తుంది. పాత పేజ్‌మేకర్‌కు అలవాటుపడిన ఆపరేటర్‌కు కొత్త కీబోర్డు నేర్పడం మాత్రం నిజంగానే శ్రమ, ఖర్చు కూడా. ఆ ఖర్చు ప్రభుత్వ శాఖలు భరించాల్సిందే. 2011 జనగణన ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవారు 50 లక్షలకు పైమాటే. సమాచారాన్ని వారికి అందే రూపంలో ఉంచాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తేల్చింది.

ఈసారి మీరు ఒక ప్రకటనో నివేదికో తయారుచేస్తే, పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. తెలుగు కాక ఇంకేదైనా వస్తే దాన్ని అలాగే బయటికి పంపకండి.