ఆట అన్నం పెట్టిన రోజులు

మొన్న ఆదివారం ఆళ్లగడ్డ నుంచి మా చిన్నాయన ఫోన్ చేశాడు. బాగున్నావా అని కూడా అడగలేదు. "వానికి నువ్వన్నా చెప్పు నాయనా. ఎంసెట్ ముందర పెట్టుకొని పొద్దున ఐదింటికే బాలు తీసుకొని గ్రౌండుకు పోతాండాడు. ఆట అన్నం పెడుతుందా?" అన్నాడు.

వాడంటే చిన్నాయన కొడుకు. నంద్యాలలో మా అవ్వ దగ్గర ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నేను ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ జీతం తెచ్చుకుంటున్నాను కాబట్టి మా ఇంట్లో సలహాల డిపార్ట్‌మెంట్ నాదే. మా పక్క ఆట అంటే క్రికెట్, కబడ్డీ, తిరునాళ్లకు ఎద్దుల బండలాగుడు. ఈ ఫుట్‌బాల్ పిచ్చి వీడికి ఫోన్లో అర్ధరాత్రి మ్యాచ్‌లు చూసి పట్టుకుంది.

"చెప్తాలే చిన్నాయనా" అన్నాను గానీ, ఏం చెప్పాలి? ఆట అన్నం పెట్టదని చెప్పబోతే హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ గుర్తొచ్చింది. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తెలిసే ఉంటాడు. సినిమాలో ఎక్కువగా ఇండియా టీమ్ కథే ఉంటుంది. నాకు మాత్రం ఆయన పోలీసుల టీమ్ కథే ఇంకా ఇష్టం.

వాళ్లు ఇప్పటి లెక్కలో సెమీ ప్రొఫెషనల్. జీతం పోలీసు డిపార్ట్‌మెంట్ ఇచ్చేది, పేరు ఆట తెచ్చేది. కోచ్ రహీం సాబ్ అసలు బడిపంతులు. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. అలాంటి కాలంలో మన పోలీసులు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచారు. ఒకసారి కాదు, 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు! అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్ కూడా 1950, 1954, 1957ల్లో తెచ్చారు.

రహీం సాబ్ పద్ధతులు చదువుతుంటే భలే అనిపిస్తుంది. డ్రిబ్లింగ్ చేయకూడదని రూలు పెట్టి టోర్నమెంట్లు ఆడించేవాడు. బంతి వచ్చిందా, వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఎడమకాలు చేతగానివాడితో ఎడమకాలితోనే ఆడించేవాడు. (మా ఆఫీసులో ఒకే టికెట్ మీద నాలుగు రోజులు కూర్చునేవాళ్లకి ఇలాంటి టోర్నమెంట్ ఒకటి పెట్టాలి.)

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. ఆ టీమ్‌లో నూర్ మహ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మన హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లే. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. మరుసటి ఏడు జూన్‌లో పోయాడు.

ఆ తర్వాత కథ నెమ్మదిగా కిందికి దిగింది. మంచి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు ముందునుంచే లాక్కుపోతున్నాయి, బలరాం 1957కే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. ఆంధ్రా పోలీస్ అన్న పేరుతో 1961లో ఇంకో డ్యూరాండ్ గెలిచారు గానీ, రహీం లేని లోటు తీరలేదు. నాకనిపించేది ఏంటంటే, ఆ టీమ్ ఒక పంతులు ఓపిక మీద, ఒక డిపార్ట్‌మెంట్ దయ మీద నిలబడింది. రెండూ గొప్పవే. కానీ పంతులు పోతే ఇంకో పంతులు ఎక్కడినుంచి వస్తాడని ఎవరూ ముందుగా ఆలోచించినట్టు లేదు.

పోనీ పూర్తిగా డబ్బుతో నడిచే క్లబ్ వస్తే నిలబడిందా? 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ ఫైనల్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే నేను హాస్టల్లో మంచమెక్కి అరిచాను. ఆ క్లబ్ కూడా డబ్బు ఇబ్బందుల్లో పడింది. 2025లో ఢిల్లీకి వెళ్లిపోయి పేరే మార్చుకుంది.

ఇవన్నీ తమ్ముడికి ఫోన్లో చెప్పాను, మంచీ చెడూ రెండూ. వాడు అంతా విని, "అన్నా, మరి ఆ పోలీసోళ్లు డ్యూటీ ఎప్పుడు చేసేటోళ్లు, ప్రాక్టీస్ ఎప్పుడు చేసేటోళ్లు?" అని అడిగాడు. నేను ఊరుకుంటే వాడే, "నేను ఐదు నుంచి ఆరున్నర దాకా ఆడతా. తర్వాత చదువుతా. ఎంసెట్ రాస్తానని నాయనకు చెప్పు" అన్నాడు.

అదే మాట చిన్నాయనకు చెప్పాను. పోలీసుల కథ కూడా చెప్పాను, ఐదు కప్పుల సంగతి కాస్త గట్టిగానే. అవతల కాసేపు చప్పుడు లేదు. ఒప్పుకోడనే అనుకున్నా.

"యాంది, వాళ్లకు పింఛను గూడా వచ్చిందా?" అన్నాడు.