దాచుకొనవలసినవి వ్రాతలు మాత్రమేనా?

మాదాపురమున సైబర్ టవర్స్ భవనము 1998వ సంవత్సరమున ప్రారంభింపబడినది. నాటినుండి కంప్యూటరు కచేరీలు గచ్చిబౌలి, కొండాపురముల వఱకు వ్యాపించినవి. మన విద్యార్థుల తల్లిదండ్రులలో పలువురకు అచ్చటనే జీవనము. అట్టి యిండ్ల బిడ్డలను, "కంప్యూటరు చెడిపోవుచున్నది, వేనిని దాచుకొందువు?" అని యడిగిన, ఫొటోలు, పాఠముల ఫైళ్లు అందురేగాని, సెట్టింగుల ఫైళ్ల మాట యెత్తువారు అరుదు. పెద్దలును ఇంతకంటె మేలుగా నున్నారని చెప్పజాలము.

సెట్టింగుల ఫైలనగా నేమి? మనము ఒక ప్రోగ్రామును వాడుకొనుచు అక్షరముల పరిమాణము మార్చుదుము, మీటల వరుసను కుదుర్చుకొందుము, దాని నిఘంటువునకు మన మాటలను నేర్పుదుము. వీనినన్నిటిని జ్ఞాపకముంచుకొనుటకై ప్రోగ్రాము వ్రాసికొను చిట్టా అది. పరిమాణమున మిక్కిలి చిన్నది. అందలి శ్రమ సంవత్సరములది.

మా పూర్వవిద్యార్థి యొకడు, చూపు లేనివాడు, మాదాపురమున ఉద్యోగము చేయుచున్నాడు. తెరపై నున్నదానిని చదివి వినిపించు ఎన్‌వీడీఏ యను ఉచిత ప్రోగ్రామే అతనికి కన్నులు. ఆ యాంగ్లస్వరము మన ఊళ్ల పేర్లను, ఇంటిపేర్లను వికృతముగా పలుకుచుండగా, ఒక్కొక్కదానిని ఎట్లు పలుకవలెనో అందలి ఉచ్చారణ నిఘంటువున నాలుగేండ్లుగా చేర్చుకొనుచు వచ్చెను. గత సంవత్సరము పాత యంత్రమును తీసికొని అతనికి క్రొత్తది యిచ్చిరి. పత్రములన్నియు భద్రముగా వచ్చినవి. నిఘంటువు మాత్రము పాతదానితోడనే తుడిచివేయబడెను. "గొంతు అదేనండీ, కాని నన్నెరుగని మనిషి చదువుతున్నట్లున్నది" అని మాతో చెప్పెను. వారము దినములు అతని పని కుంటుపడెను.

తప్పెవరిది? యంత్రము మార్చినవారు పత్రములను అడిగిరి, అతడు పత్రములను చూపెను. ఉన్నదని తెలియనిదానిని ఎవరడుగుదురు? విండోసునందు యూజర్స్ ఫోల్డరులో మన పేరిట నున్నదాని లోపల యాప్‌డేటా, అందు రోమింగ్, అందు ఎన్‌వీడీఏ యని ఫోల్డరులుండును. యాప్‌డేటా మామూలుగా కంటికి కానరాదు. విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, ముందువెనుకల శాతపు గుర్తులుంచి యాప్‌డేటా అని ఆంగ్లాక్షరములతో వ్రాసిన, రోమింగ్ నేరుగా తెరచుకొనును. మాక్ యంత్రములందు లైబ్రరీ లోపలి ప్రిఫరెన్సెస్ అట్టిది. 2011లో వెలువడిన లయన్ నాటినుండి లైబ్రరీని మరుగుపరచిరి. ఫైండరున గో మెనూ తెరచి ఆప్షన్ మీటను పట్టుకొనిన అది బయటపడును.

తెలియనివారు చెరిపివేయుదురను భయముతో దాచిరట. భయము న్యాయమే. కాని దాచిన చోటును చెప్పకుండుట న్యాయము కాదని మా యభిప్రాయము. ఎన్‌వీడీఏ ఈ విషయమున మెచ్చదగినది: సెట్టింగులను సేవ్ చేసి, టూల్స్ మెనూ నుండి పోర్టబుల్ నకలు తీయునప్పుడు, వానిని గూడ చేర్చుమని కోరవచ్చును. తక్కిన ప్రోగ్రాములకు పెక్కింటికి ముందుగా ప్రోగ్రామును మూసి, తరువాత ఫైలును నకలు తీయుట క్షేమము. మూయునప్పుడే క్రొత్త సెట్టింగులను వ్రాసికొనునవి గలవు. తిరిగి ఉంచునప్పుడును అంతే.

ఈ దినములలో అన్నియు ఖాతాలోనే యుండునుగదా యని కొందఱందురు. క్రోము వంటి బ్రౌజరుల విషయమున అది చాలవఱకు నిజమే. ఎన్‌వీడీఏ నిఘంటువు తనంత తాను ఎచ్చటికిని పోదు. మఱియొక సంగతి: ఫైర్‌ఫాక్సు ప్రొఫైలు నకలులో దాచిన పాస్‌వర్డులు గూడ వచ్చును. అట్టి పెన్‌డ్రైవును స్నేహితునకు ఎరువిచ్చుట ఇంటి తాళపుచెవి ఇచ్చుటయే.

మన పాఠశాలలో కంప్యూటరు తరగతికి వారమున కొన్ని గంటలు గలవు. వానిలో ఒక్క గంటను దీనికి కేటాయింపవలసినదని ఉపాధ్యాయులను కోరుచున్నాము.

ఆ పూర్వవిద్యార్థి తన నిఘంటువును మరల మొదటినుండి వ్రాసికొనుచున్నాడు. నకళ్లు రెండు పెన్‌డ్రైవులలో నున్నవి. ఒకటి వాళ్ల అమ్మగారి బీరువాలో. కూకట్‌పల్లి మాత్రము ఇంకను సరిగా పలుకుట లేదట.