ఆయనగారికి తోచడం లేదట!

"అబ్బ, ఏమీ తోచడం లేదోయ్!" సెలవు రోజున మీవారు ఈ మాట ఎన్నిసార్లు అంటారు? లెక్కపెట్టే తీరిక మీకెక్కడిది లెండి! పొయ్యి మీద పప్పు, బక్కెట్లో నానేసిన బట్టలు, హోంవర్కు చెయ్యనని మొరాయించే చంటాడు... వీటి మధ్య మనకి తోచకపోవడమెలా ఉంటుంది? అందుకే ఈ వారం అలా తోచక అల్లాడిన ఒక మగమహారాజు కథ చెప్పుకుందాం.

ఆయన పేరు అలన్ పార్ట్రిడ్జ్. ఇంగ్లండు ఆసామీ. నిజం మనిషి కాదు సుమండీ! 1991లో బి.బి.సి. రేడియో హాస్య కార్యక్రమంలో పుట్టిన పాత్ర. వేసే నటుడు స్టీవ్ కూగన్. 1997లో బి.బి.సి. రెండో ఛానెల్లో 'ఐయామ్ అలన్ పార్ట్రిడ్జ్' పేరుతో ఆరు భాగాల సీరియల్ వచ్చింది. అప్పటికి అలన్‌గారి టీవీ షో పోయింది, భార్య కూడా వదిలేసింది. మిగిలిందల్లా నార్విచ్ ఊరి రేడియోలో తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలయ్యే కార్యక్రమం ఒక్కటే. లోకం కాఫీ తాగే వేళకి ఈయన పని అయిపోతుందన్నమాట. కాపురం రోడ్డు పక్క హోటల్ గదిలో.

నాలుగో భాగం 'బేసిక్ అలన్'లో ఏం జరుగుతుందంటారా? చెప్పుకోదగ్గదేమీ జరగదు! అదే దాని అందం. అయ్యగారికి పొద్దు పోదు. హోటల్ గదిలో ప్యాంట్లు ఇస్త్రీ చేసే కరెంటు యంత్రం ఉంటే, దాన్ని కాస్తా విప్పి ముక్కలు ముక్కలు చేస్తాడు. కార్లు రయ్యిమని పోయే రోడ్డు పక్కన నడుచుకుంటూ పెట్రోలు బంకుకి వెళ్లి, కారు అద్దాలు కడిగే ద్రావకం కొంటాడు. రోడ్డు మీద అడ్డంగా పెట్టే ప్లాస్టిక్ కోన్ కోసం చిన్నపిల్లాడిలా ఆశపడతాడు. చూస్తూ చూస్తూ నవ్వాపుకోలేం.

నవ్వయ్యాక మాత్రం గుండె కొంచెం కలుక్కుమంటుంది. హోటల్ పనివాళ్లు ఆయనతో నవ్వుతూ మాట్లాడతారు, నిజమే. కానీ అది వాళ్ల డ్యూటీ. ఆయన దాన్ని స్నేహమనుకుంటాడు. సెక్రటరీ లిన్ ఉంది. పెళ్లి కాని నడివయసు మనిషి, ఇంట్లో ముసలి తల్లి. అయ్యగారి పనులన్నీ ఆవిడ నెత్తినే. ఆవిడకీ ఒక బతుకుందన్న సంగతి ఆయనకి గుర్తే రాదు. అందరూ తనకి కాలక్షేపం కల్పించాలి, తను మాత్రం ఎవరి కష్టసుఖాలూ అడగడు. ఆయన ఒంటరితనానికి అసలు కారణం ఇదే.

రేపోమాపో మీవారు రిటైరవుతారు. ఆఫీసు తప్ప వేరే లోకం లేని మనిషి ఇంట్లో కూచుంటే మిక్సీ విప్పుతారు, పోపులడబ్బా సర్దుతారు, మీ వెనకాలే తిరుగుతారు. విసుక్కోకండి. అలాగని మీరు లిన్ కూడా కాకండి! "కాస్త సాయం చెయ్యండి" అంటే పని జరగదు. ఒక పని పూర్తిగా వారికే వదిలెయ్యండి. కూరలు తేవడమో, సాయంత్రం టిఫినో, మనవడి లెక్కలో. వంకాయ ముదిరినా, ఉప్మాలో ఉప్పెక్కువైనా వంకలు పెట్టకండి. నాలుగు రోజుల్లో చెయ్యి తిరుగుతుంది.

మరి మన సంగతో? పిల్లలు ఉద్యోగాలకీ అత్తారిళ్లకీ వెళ్లాక ఆ ఖాళీ మన ఇంటికీ వస్తుంది. అప్పుడు వెతుక్కుంటే స్నేహాలు దొరకవు. కుట్టుపనో, పాటో, పుస్తకమో ఒకటి ఇప్పట్నించే మీదిగా పెట్టుకోండి. అన్నిటికన్నా ముందు, పక్కింటావిడని "ఒంట్లో ఎలా ఉంది వదినా?" అని అడిగి, ఆవిడ చెప్పేది పూర్తిగా వినండి. పాపం, అలన్‌గారికి చేతకానిది ఆ ఒక్కటే!